మోర్సా, మైకా, కంప్యూటరా? హామ్ రేడియోలో వందేళ్ళ గొడవ

ఆండ్రాయిడా, ఐఫోనా అన్న గొడవ మనకి కొత్త కాదు. హామ్ రేడియో వాళ్ళకీ ఇలాంటిదే ఒకటుంది, అదీ వందేళ్ళుగా. పరీక్ష రాసి ప్రభుత్వం దగ్గర లైసెన్స్ తీసుకుని, సొంత రేడియో సెట్‌తో ప్రపంచంలో మిగతా లైసెన్స్ ఉన్నవాళ్ళని కాంటాక్ట్ చేయడమే హామ్ హాబీ. ఎలా కాంటాక్ట్ చేయాలన్న దగ్గరే తగువు. నాకు లైసెన్స్ వచ్చాక ఒక సీనియర్ "ఎఫ్‌టీ8 జోలికి పోకు, అది రేడియోనే కాదు" అన్నారు. ఇంకో సీనియర్ "ఎఫ్‌టీ8 లేకపోతే అపార్ట్‌మెంట్ నుంచి నీకెవరూ దొరకరు" అన్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్ళే. మరి ఎవరి మాట వినాలి?

ముందు స్పెక్స్ చూద్దాం

మైక్‌లో మాట్లాడే పద్ధతిని ఎస్‌ఎస్‌బీ అంటారు. ఒక గొంతుకి సుమారు 2,400 హెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ కావాలి. మోర్స్‌ని హామ్‌లు సీడబ్ల్యూ అంటారు, దానికి 150 హెర్ట్జ్ దాకా సరిపోతుంది. ఎఫ్‌టీ8కి 50 హెర్ట్జ్ చాలు. బ్యాండ్‌విడ్త్ తగ్గేకొద్దీ రిసీవర్‌లోకి వచ్చే నాయిస్ కూడా తగ్గుతుంది. కాబట్టి అదే పవర్‌తో ఇంకా దూరం వెళ్ళొచ్చు.

ఎఫ్‌టీ8ని 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే తయారుచేశారు. టేలర్ 1993లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. ఇందులో 8 టోన్లు, 15 సెకన్ల స్లాట్లు, ఒక్కో మెసేజ్‌కి 77 బిట్ల సమాచారం ఉంటాయి. దాని మీద గట్టి ఎర్రర్ కరెక్షన్. ఒక గొంతు పట్టేంత బ్యాండ్‌విడ్త్‌లో ఉన్న నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ వందో వంతే ఉన్నా సాఫ్ట్‌వేర్ డీకోడ్ చేసేస్తుంది. మన చెవికి అక్కడ ఏమీ వినపడదు.

ఎవరి వాదన ఏంటి?

మోర్స్ వాళ్ళు అడిగేది ఒక్కటే: "ఇందులో నువ్వు చేసిందేముంది?" ప్రశ్న న్యాయమైనదే. ఎఫ్‌టీ8లో ఒక క్లిక్ చేస్తే మిగతాది సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. కాల్‌సైన్, గ్రిడ్, సిగ్నల్ రిపోర్ట్, చివర్లో హామ్ భాషలో శుభాకాంక్షలు చెప్పే 73, అంతే. నేను హైదరాబాద్‌లో ఉన్నానని అవతలివాళ్ళకి తెలిసేది ఎంకే97 అన్న గ్రిడ్ నంబర్‌తోనే. పేరు, ఊరి సంగతులు, యాంటెనా ముచ్చట్లు ఏవీ ఉండవు.

ఎఫ్‌టీ8 వాళ్ళ జవాబు కూడా బలంగానే ఉంటుంది. ఫ్లాట్‌లో ఉంటే టెర్రస్ మీద పెద్ద యాంటెనా వేయనివ్వరు. చుట్టూ ఎల్‌ఈడీ బల్బులు, చౌక చార్జర్లు, ఇన్వర్టర్లు షార్ట్‌వేవ్ అంతా నాయిస్‌తో నింపేస్తాయి. ఇలాంటి చోట బాల్కనీలో వేలాడదీసిన వైరుతో ఇంకో ఖండం దొరుకుతోందంటే ఈ మోడ్ పుణ్యమే.

మూడో గుంపు డీఎంఆర్, ఎకోలింక్ వాడేవాళ్ళు. చేతిలో సెట్ నుంచి దగ్గర్లోని హాట్‌స్పాట్ దాకా రేడియో, అక్కడి నుంచి ఇంటర్నెట్. మైక్ బ్యాచ్ దీన్ని "వాట్సాప్ కాల్‌కి యాంటెనా తగిలించారు" అని ఆటపట్టిస్తుంది.

"అసలైన రేడియో" అన్న మాట మాత్రం కాలంతో మారుతూనే ఉంది. 1920ల్లో స్పార్క్ సెట్లు వదలనివాళ్ళు కొత్త వాల్వ్ సెట్లని ఆడిపోసుకున్నారు. 1950ల్లో ఏఎం వాడేవాళ్ళు ఎస్‌ఎస్‌బీ గొంతు డొనాల్డ్ డక్‌లా ఉందని నవ్వారు. ఈరోజు అదే ఎస్‌ఎస్‌బీ సంప్రదాయం అయిపోయింది. మోర్స్‌కి లైసెన్స్‌తో కూడా ముడి ఉంది. 2003లో అంతర్జాతీయ నిబంధన సడలింది, 2007లో అమెరికా మోర్స్ పరీక్ష తీసేసింది. మన దేశంలో జనరల్ గ్రేడ్‌కి మోర్స్ పరీక్ష పెట్టి, రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మినహాయించారు. అందుకే ఇక్కడ మోర్స్ వచ్చినవాళ్ళకి కాస్త గర్వం. కష్టపడి నేర్చుకున్నది కదా, ఉంటుంది మరి.

ఈ గొడవ సీరియస్ అయ్యేది ఎప్పుడు?

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి భారతీ ప్రసాద్ నాయకత్వంలో వెళ్ళిన టీమ్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. వాళ్ళు వెళ్ళింది ప్రపంచంలోని హామ్‌లకి అండమాన్ కాంటాక్ట్ ఇవ్వడానికి, అంటే పూర్తిగా హాబీ కోసం. ఫోన్లు పోయాక ఆ సెట్లే దీవులకీ మెయిన్‌ల్యాండ్‌కీ మధ్య లింక్ అయ్యాయి. 2014లో హుద్‌హుద్ తుపానుకి విశాఖలో మొబైల్ నెట్‌వర్క్‌లు ఎలా కుప్పకూలాయో అక్కడివాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

అలాంటి రోజు పంపాల్సినవి పేర్లు, అడ్రస్‌లు, మందుల లిస్టులు. ఎఫ్‌టీ8లో సొంత వాక్యం రాయాలంటే ఒక్కసారికి 13 అక్షరాలే పడతాయి. ఇంటర్నెట్ పోతే డీఎంఆర్ లింక్ కూడా పోతుంది. మైక్‌లో అయితే ఇవన్నీ గడగడా చెప్పేయొచ్చు. గొంతు నాయిస్‌లో మునిగిపోతే మోర్స్ ఉంది, కానీ దానికి రెండు వైపులా వచ్చినవాళ్ళు ఉండాలి. ఎఫ్‌టీ8 టెక్నిక్ మీదే కట్టిన జేఎస్8కాల్‌లో నెమ్మదిగానైనా పూర్తి మెసేజ్‌లు టైప్ చేసి పంపొచ్చు. కోడింగ్ వచ్చిన మనలాంటివాళ్ళు పని చేయాల్సింది ఇలాంటి వాటి మీదే అని నా అభిప్రాయం.

నా వెర్డిక్ట్

నేను ఎఫ్‌టీ8ని నా యాంటెనా ఎంత దూరం అందుతోందో చూసుకునే టెస్ట్ టూల్‌లా వాడతాను. స్నేహాలకి మైక్. జనరల్ గ్రేడ్ కోసం నేర్చుకున్న మోర్స్ చేయి జారిపోకుండా రోజూ కాసేపు కొడతాను. కొత్తగా వస్తున్నవాళ్ళు లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిట్ మాత్రం చేయొద్దు. ఏ మోడ్‌తో మొదలుపెట్టినా ఫర్వాలేదు. కానీ నెట్ లేని రోజున ఒక పూర్తి వాక్యం అవతలికి చేర్చగల మోడ్ కనీసం ఒకటి మీ చేతిలో ఉండాలి.