శృంగార సన్నివేశములు - నటీనటుల సమ్మతి

నాటకమున కత్తియుద్ధ మున్నచో దానిని నేర్పుటకు నిపుణుని రావించుట పాశ్చాత్య రంగస్థలమున పరిపాటి. ఏ యడుగు ఎప్పుడు వేయవలయునో, కత్తి యెంతదూరమున నిలువవలయునో ముందుగా నిర్ణయించి పలుమారు అభ్యసింప జేయుదురు. నటుల యావేశమునకే విడిచినచో నెత్తురు చిందునని యెల్ల రెరుగుదురు. కాని ఆలింగనమో, చుంబనమో, బలాత్కారమో ప్రదర్శింపవలసి వచ్చినపుడు మాత్రము, మీరే చూచుకొనుడని దర్శకుడు తొలగిపోవుట చిరకాలము వాడుకయై యుండెను. ఈ వాడుక పూర్తిగా నశింపవలయునని మా యభిప్రాయము.

మన పూర్వులు ఈ చిక్కును వేరొక రీతిని పరిహరించిరి. శయనము, చుంబనము, ఆలింగనము రంగముపై చూపరాదని నాట్యశాస్త్రము నిషేధించినది. తండ్రియు కొడుకును, అత్తయు కోడలును కలిసి చూచునది నాటకము గావున నట్టివి కూడవని చెప్పిన హేతువు. అది ప్రేక్షకుల మర్యాదను కాపాడు విధి. నటి మర్యాద ప్రసక్తి యందు లేదు. తెలుగు రంగమున పురుషులే స్త్రీపాత్రలు ధరించిన కాలమున ఆ ప్రసక్తి యంతగా పుట్టలేదు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలయునని బళ్లారి రాఘవగారు ఉద్యమించిరి. స్త్రీలు వచ్చిరి. వారి మర్యాదకు బాధ్యులెవరను ప్రశ్నయు వారితోడనే వచ్చినది.

ఆ ప్రశ్నను మరచిన నేమగునో 1972లో వెలువడిన 'లాస్ట్ టాంగో ఇన్ పారిస్' చిత్రము తెలుపుచున్నది. బలాత్కార సన్నివేశమునందలి యొక వివరమును 19 ఏండ్ల నటి మరియా ష్నైడరుకు ముందుగా తెలుపలేదనియు, ఆమె నటిగా గాక బాలికగా అవమానము పొందవలయునని కోరితిననియు దర్శకుడు బెర్టోలూచి 2013లో ఒప్పుకొనెను. తాను అవమానింపబడితినని ఆమె 2007లోనే వెల్లడించియుండెను. నటి నిజముగా నేడ్చినచో ఆమె విద్యకు అచట పనియేమి? చలనచిత్రమున ఒక్కమారు పట్టిన చాలును. నాటకమున అదే సన్నివేశము ప్రతిరాత్రియు నాడవలయును. మోసము ప్రతిరాత్రియు సాగునా?

అమెరికాలో టోన్యా సీనా యను విదుషి 2006లో ఈ విషయమున సిద్ధాంతవ్యాసము వ్రాసి, 2016లో మరి యిద్దరితో కలిసి ఒక సంస్థను స్థాపించెను. మరుసటి యేడు నటీమణుల ఫిర్యాదులు వెల్లువెత్తగా ఈ విద్యకు ఆదరణ హెచ్చినది. దీని నెరిగినవారిని రంగస్థలమున ఇంటిమసీ డైరెక్టరనియు, చిత్రసీమలో ఇంటిమసీ కోఆర్డినేటరనియు పిలుచుచున్నారు. 2019లో 'ఫ్రాంకీ అండ్ జానీ' నాటకమునకు క్లేర్ వార్డెన్ పనిచేయగా బ్రాడ్వేలో నది మొదటిదయ్యెను. చేయి యెచట నుంచవలయునో, స్పర్శ యెంతసేపో, ఎచటికి పోరాదో వీరు నటులతో ముందే మాటాడి నిర్ణయింతురు. నిర్ణయించినదానిని నృత్యమువలె అభ్యసింప జేయుదురు. తరువాత నెవ్వరును మార్చరాదు.

ఇది దర్శకుని స్వాతంత్ర్యమునకు భంగమని కొందరు ఆక్షేపింతురు. సన్నివేశ భావమును నిర్ణయించువాడు నేటికిని దర్శకుడే. అయితే పాత్రనిచ్చువాడును, తీసివేయగలవాడును అతడే గనుక, అతని యెదుట నటి పలికిన "సరే" యను మాట సమ్మతియో భయమో తెలియదు. అందువలననే మూడవ మనిషి యవసరము.

మన పరిషత్తు నాటకముల సమాజములకు అట్టి నిపుణులను రావించు స్తోమత యుండకపోవచ్చును. కాని మూడు పనులకు ధనమక్కరలేదు. పాత్ర నంగీకరింపకముందే అట్టి సన్నివేశ మున్నదని చెప్పుట. రిహార్సలునందు నిర్ణయించినదానిని కాగితముపై పెట్టి, ప్రదర్శనమున దాటకుండుట. దర్శకుడు గాని యొక పెద్దను, నటి నిర్భయముగా చెప్పుకొనుటకు నియమించుట. సమాజముల వారు రాబోవు నాటకముతోనే వీనిని ప్రారంభింతురని ఆశించుచున్నాము.