పరుగుకూ పేగులకూ ఏమిటి సంబంధం?



కానిస్టేబులు ఉద్యోగాలకు 1600 మీటర్ల పరుగు సాధన చేసే పిల్లలు మన ఆసుపత్రి గ్రౌండులో తెల్లవారుజామునే కనిపిస్తుంటారు. వారి తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటుంది: "సిస్టరు గారూ, కడుపులో మంచి క్రిములు పెరగటానికి పొడి డబ్బా అమ్ముతున్నారు. తాగితే బాగా పరుగెత్తుతారట, నిజమేనా?"

ఇది పూర్తిగా గాలిమాట కాదు. ఎక్కడ పుట్టిందో చెబుతాము.

మన పెద్దపేగులో కోటానుకోట్ల బాక్టీరియా నివసిస్తున్నాయి. వాటిలో చాలావరకు మనకు హాని చేయవు. మనం అరిగించుకోలేని పీచుపదార్థాన్ని అవి తిని, బ్యూటిరేట్, ప్రొపియొనేట్ వంటి ఆమ్లాలను తయారు చేస్తాయి. బ్యూటిరేట్ పెద్దపేగు లోపలి పొరకు ముఖ్యమైన ఆహారం.

2015లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తిన 15 మంది మలాన్ని పందెానికి ముందు వారం, తరువాత వారం సేకరించి శాస్త్రజ్ఞులు పరీక్షించారు. (మల పరీక్ష అనగానే ముక్కు మూసుకునే మన నర్సింగ్ విద్యార్థినులు ఈ సంగతి గమనించాలి!) పరుగు తరువాత 'వెయ్లొనెల్లా' అనే బాక్టీరియా పెరిగినట్లు తేలింది. గట్టిగా పరుగెత్తినప్పుడు కండరాలలో లాక్టేట్ తయారై రక్తంలో కలుస్తుంది. అందులో కొంత పేగులోనికి చేరుతుంది. ఈ బాక్టీరియాకు అదే ఆహారం. అది లాక్టేట్‌ను తిని ప్రొపియొనేట్‌గా మారుస్తుంది. ఒక రన్నరు నుండి తీసిన వెయ్లొనెల్లాను చిట్టెలుకలకు ఇస్తే, అవి సుమారు 13 శాతం ఎక్కువసేపు పరుగెత్తాయి. ఈ ఫలితాలు 2019లో వెలువడ్డాయి.

అయితే ఒక సంగతి చాలామంది చెప్పరు. పోల్చి చూడటానికి మిగతా చిట్టెలుకలకు ఇచ్చినది లాక్టోబాసిల్లస్ జాతికి చెందిన, పెరుగు తోడుకోవటానికి వాడే బాక్టీరియా. వాటికి ఆ లాభం కలగలేదు. బజారులో దొరికే పొడులలో ఎక్కువగా ఉండేది ఈ లాక్టోబాసిల్లస్ జాతే. పెరుగు మంచి ఆహారమే, తినండి. పరుగు పెరుగుతుందని మాత్రం డబ్బాల మీద డబ్బు పోయవద్దు. పైగా అవి చిట్టెలుకలు, మన పిల్లలు కారు.

అమెరికాలోనే ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో వ్యాయామం అలవాటు లేని 32 మంది చేత ఆరు వారాలు, వారానికి మూడు రోజులు వ్యాయామం చేయించారు. ఆహారం మార్చలేదు. ముఖ్యంగా సన్నగా ఉన్నవారిలో బ్యూటిరేట్ తయారుచేసే బాక్టీరియా పెరిగాయి. వ్యాయామం మానిన ఆరు వారాలకు ఆ మార్పు చాలావరకు పోయింది. అంటే పేగు వలన పరుగు ఎంత వస్తుందో గాని, పరుగు వలన పేగు మారుతున్నది.

మాకు అసలు భయం పొడి గురించి కాదు, మాత్రల గురించి. ఒకసారి ఒక అబ్బాయి పరుగు పరీక్షకు వారం ముందు జలుబు చేస్తే, "గట్టి మందు" కావాలని మందుల షాపులో ఆంటీబయాటిక్ అడిగి కొనుక్కుని వాడాడు. జలుబుకు కారణం వైరస్. దానిపై ఆంటీబయాటిక్ పనిచేయదు. పేగులోని మంచి బాక్టీరియాను మాత్రం చంపుతుంది. అతనికి విరేచనాలు పట్టుకున్నాయి. పరుగు రోజు ఉదయం అతడు మా వార్డులో సెలైన్ మీద ఉన్నాడు. వాళ్ళ నాన్నగారు హాల్ టిక్కెట్టు చేతిలో పట్టుకుని వరండాలో కూర్చున్నారు. ఒక్క మాట మమ్మల్ని అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాము.

సాధన రోజులలో పిల్లలకు రాగి సంకటి, జొన్నరొట్టె, పెసలు, చిక్కుడు, ఆకుకూరలు, మజ్జిగ పెట్టండి. పరుగు రోజు ఉదయం మాత్రం పప్పులు, పీచు ఎక్కువగా ఉన్నవి వద్దు. గట్టిగా పరుగెత్తేటప్పుడు రక్తం పేగుల నుండి కాళ్ళకు మళ్ళుతుంది, కడుపు తిప్పుతుంది. అలవాటైన తేలిక ఆహారమే రెండు మూడు గంటల ముందు పెట్టండి. విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. ఇవ్వండి. మలంలో రక్తం పడినా, జ్వరం ఉన్నా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు వేయవద్దు.