కొట్టు బిళ్ల... సర్కారు నాణెమైంది!

చిల్లర లేదంటూ కిరాణా కొట్టాయన చాక్లెట్ చేతిలో పెట్టిన రోజులు గుర్తున్నాయా? రెండు వందల ఏళ్లకు ముందు న్యూయార్క్‌లోనూ ఇదే తంటా. కాకపోతే అక్కడి వర్తకులు కొందరు ఏకంగా సొంత రాగి బిళ్లలే చేయించారు!

అమెరికాకి స్వాతంత్య్రమైతే వచ్చింది కానీ జనం చేతిలో చిల్లర లేదు. టంకశాల కోసం 1792లో చట్టం చేశారు. మర్నాటి ఏడాది ఫిలడెల్ఫియాలో సెంట్ల తయారీ మొదలైంది. అవి ఏ మూలకీ చాల్లేదు. అప్పుడే భారతదేశంతో సరకుల వ్యాపారం చేసే ‘టాల్బట్, ఆలమ్ అండ్ లీ’ అనే న్యూయార్క్ సంస్థ ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పీటర్ కెంప్సన్‌తో ఒక సెంటు టోకెన్లు కొట్టించి తెప్పించుకుంది. వాటి మీద ఒకవైపు తెరచాపల ఓడ, రెండోవైపు సరకుల మూట పక్కన నిలబడిన స్వేచ్ఛాదేవి. 1795 నాటి బిళ్ల అంచు చూస్తే, తెచ్చినవారికి ఒక సెంటు ఇస్తామన్న హామీ కనిపిస్తుంది. మన వంద రూపాయల నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు ఇచ్చే మాటలాంటిదే. కాకపోతే ఇక్కడ మాట ఇచ్చింది ఓ దుకాణం!

అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. రాగి దొరక్క అల్లాడుతున్న టంకశాల 1795లో ఆ టోకెన్లనే వేల సంఖ్యలో కొనేసింది. వాటిని చిన్న బిళ్లలుగా కత్తిరించి, అర సెంటు నాణేలుగా మళ్లీ ముద్ర కొట్టింది. కొన్నింటి మీద పాత ముద్ర పూర్తిగా చెరిగిపోలేదు. అందుకే సేకర్తలు 1795, 1797 నాటి అర సెంట్లను భూతద్దం కింద పెట్టి గంటలకొద్దీ చూస్తారు. సర్కారు ముద్ర మాటున ఓడ ఆనవాళ్లో, కంపెనీ పేరులోని అక్షరాలో దొరికాయంటే పండగే.

కత్తిరింపు తప్పించుకున్న టోకెన్లకూ గిరాకీ ఉంది. 1794 నాటివి అంత అరుదేం కాదు. కానీ వాటిలో ‘న్యూయార్క్’ అన్న ఊరి పేరు లేని రకం ఒకటుంది. అది చేతికి చిక్కడం చాలా కష్టం. మామూలు బిళ్ల కన్నా ఎన్నో రెట్లు ధర పలుకుతుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి మరి, ఊరి పేరు వెతకడం తెలియాలంతే.

సంస్థ 1796లోనే మూతపడింది.

ఒక్కమాట... ఇలాంటి పాత రాగి బిళ్ల ఎప్పుడైనా మీ కంటపడితే, ఇంట్లో రాగిచెంబుకు చేసినట్టు చింతపండు పెట్టి తోమేయకండి. రెండు శతాబ్దాలుగా పట్టిన ఆ ముదురు గోధుమరంగే సేకర్తలకు కావాల్సింది. తళతళలాడిందా, సగం ధర కూడా రాదు!