చాందా సభ్యుని రాజీనామా – గోండి మాట

మహారాష్ట్రలోని చంద్రపూర్ పూర్వనామం చాందా. ఆ జిల్లాలోని రాజురా తాలూకా 1956 వరకు మన ఆదిలాబాదు జిల్లాలో భాగం. 1962లో చాందా నుంచి స్వతంత్రుడుగా లోక్‌సభకు ఎన్నికైన గోండు నాయకుడు లాల్ శ్యామ్ షా 1964లో సభ్యత్వం వదులుకొన్నారు. తూర్పు పాకిస్తాన్ శరణార్థులను దండకారణ్యంలో స్థిరపరిస్తే ఆదివాసుల భూమికి ముప్పు వస్తుందన్న గోడు ప్రభుత్వం పెడచెవిని పెట్టిందన్నది ఆయన బాధ.

ఆ పోరాటం భూమికి సంబంధించినది. భాషాధ్యయనం చేసే మేము దానికి మరొక ప్రశ్న చేరుస్తున్నాం: అడవి పల్లెలో గోండిలో చెప్పుకొన్న కష్టం సభలో ఏ భాషలో వినిపించాలి?

హిందీలోగాని ఇంగ్లీషులోగాని తన భావాన్ని సరిగా చెప్పలేని పార్లమెంటు సభ్యుడు అధ్యక్షుని అనుమతితో మాతృభాషలో మాట్లాడవచ్చునని రాజ్యాంగం 120వ అధికరణం చెబుతున్నది. శాసనసభలకు 210వ అధికరణం ఇటువంటి వెసులుబాటే ఇచ్చింది. అయితే మాట్లాడనివ్వడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. 2018లో రాజ్యసభ కల్పించిన అనువాద సదుపాయం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలకే. గోండి అందులో లేదు.

కారణం సంఖ్యాబలం తక్కువ కావడం కాదు. 2011 జనగణన ప్రకారం గోండి మాట్లాడేవారు సుమారు 29.8 లక్షలు, 2003 నాటి సవరణతో షెడ్యూలుకెక్కిన బోడో మాట్లాడేవారు సుమారు 14.8 లక్షలు. గోండి జనం పలు రాష్ట్రాలలో చెదిరి ఉండడమే ప్రధానమైన అడ్డంకి అని మా అభిప్రాయం.

గోండి, తెలుగు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందిన సోదర భాషలు. ప్రతినిధి ఒక్కడే సభకు వెళితే చాలదు. పల్లె మాట కూడా అతని వెంట వెళ్లాలి.