పెద్దల సేవకు పరదేశం పోయేముందు



సోమశిల నుంచి ఆత్మకూరు పోయే బస్సులో నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నారంటే కువైటు మాట రాక మానదు. "మా పిన్నమ్మ కూతురు పోయి మూడేళ్ళయింది, మిద్దె వేసిందంట" అని ఒకామె అంటే, "మా వీధిలో పిల్ల పోయినాక ఆరు నెలలుగా ఫోను కూడా లేదు" అని ఇంకొకామె అంటుంది. ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట ప్రాంతం నుంచీ, పక్కనున్న కడప జిల్లా నుంచీ ఆడవాళ్ళు ఇంటి పనికి గల్ఫు దేశాలకు పోవడం ఎన్నో ఏళ్ళుగా జరుగుతున్నదే. ఇప్పుడు కొత్తగా ఇంకో మాట వినిపిస్తోంది: జపానులో ముసలివాళ్ళను చూసుకునే పని ఉందట అని. ఈ రెండు పనులూ ఒకటేనా? కాదు. ఆ తేడా తెలుసుకోకుండా అప్పుచేసి బయలుదేరితే నష్టపోయేది మనమే.

ముందు కువైటు సంగతి చూద్దాం. అక్కడ ఇంటి పనిమనిషిని ఖద్దామా అంటారు. వంట, గిన్నెలు, పిల్లలు, చివరికి మంచాన పడిన పెద్దావిడ, అన్నీ ఆ ఒక్క మనిషి మీదనే పడవచ్చు. పెద్దావిడకు ఒళ్ళు తుడిచి మందులిచ్చినా కాగితం మీద అది ఇంటి పనే. పైగా ఆ దేశంలో ఉండడానికిచ్చే అనుమతి యజమానికి ముడిపడి ఉంటుంది. 2015లో కువైటు ఇంటి పనివాళ్ళకోసం ఒక చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక రోజు సెలవివ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు అని అందులో ఉంది. అయితే నాలుగు గోడల మధ్య జరిగేది ఎవరు చూస్తారు? అందుకే మన హక్కు ఏమిటో పోకముందే మనకు తెలిసి ఉండాలి.

మన ప్రభుత్వం కూడా కొన్ని కట్టుబాట్లు పెట్టింది. పదో తరగతి పాసు కానివాళ్ళు గల్ఫు దేశాలకు పనికి పోవాలంటే వలస అనుమతి తీసుకోవాలి. ఇంటి పనికి పోయే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలన్నారు. 2016లో, అలాంటివారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నిబంధన పెట్టారు. కాబట్టి "విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్తాను" అని ఏజెంటు చెబితే, అది దొడ్డిదారి అని గుర్తుపట్టండి. ఆ దారిన పోయినవాళ్ళకు కష్టం వస్తే చూపించుకోవడానికి కాగితం ఉండదు.

ఇక జపాను. అక్కడ నూటికి 29 మంది 65 ఏళ్ళు దాటినవాళ్ళు. 2022లో ఆ దేశం మొత్తం మీద పుట్టిన పిల్లలు 8 లక్షల లోపుకు తగ్గిపోయారు. చూడవలసిన పెద్దలు ఎక్కువ, చూసే చేతులు తక్కువ అన్నమాట. అందుకని 2019 ఏప్రిల్‌లో కొన్ని పనులకు విదేశీయులను తీసుకునే కొత్త వీసా పెట్టారు. వృద్ధుల సేవ వాటిలో ఒకటి. 2021 జనవరిలో మన దేశం జపానుతో దీనిమీద ఒప్పందం చేసుకుంది.

ఆ వీసాకు పరీక్షలుంటాయి. పని వచ్చునా అని ఒకటి, జపాను భాష వచ్చునా అని ఇంకొకటి, సేవలో వాడే మాటలు తెలుసునా అని మరొకటి. ఇంత ఎందుకంటారా? మతిమరుపు వచ్చిన ముసలామె "ఇతాయ్" అని మూలిగితే, నొప్పి అంటున్నదని మనకు తెలియాలి కదండీ! మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మార్చేటప్పుడు ముందు బ్రేకు వేయాలి, ఒంటిమీద చెయ్యి వేసేముందు చెప్పి వేయాలి. తిండి పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, లేకపోతే పొలమారుతుంది. కదలలేని మనిషిని వేళకు పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. మనం ఇంట్లో అత్తకో, అమ్మకో చేసే పనే ఇది. అక్కడ దాన్ని నేర్చుకోవలసిన విద్యగా లెక్కవేస్తారు. అదే పని చేసే జపాను వారితో సమానంగా జీతం ఇవ్వాలని కూడా నిబంధన.

అలాగని దూరపు కొండలు నునుపనుకోకండి. చెప్పిన జీతమంతా చేతికి రాదు. పన్ను, బీమా, ఇంటి అద్దె పోతాయి. ఈ వీసా మీద ఉండేది మొత్తం ఐదేళ్ళు. భర్తనూ పిల్లలనూ వెంట తీసుకుపోనివ్వరు. అక్కడి జాతీయ పరీక్ష పాసయితేనే ఎక్కువ కాలం ఉండే దారి, కుటుంబాన్ని పిలిపించుకునే దారి దొరుకుతాయి.

కనుక పోదలచిన చెల్లెళ్ళు ఇంట్లో కూర్చుని కొన్ని ప్రశ్నలు వేసుకోండి. వీసా మీద రాసిన పని ఏది? ఒప్పందం కాగితం మనకు తెలిసిన భాషలో చదివి చెప్పారా? అన్నీ పోను చేతికి ఎంత మిగులుతుంది, అప్పు ఎన్ని నెలల్లో తీరుతుంది? పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్ళు ఇంట్లో ఒక సెట్టు ఉంచి పోండి.

ఆఖరి ప్రశ్న ఒకటుంది. మీరు పరాయి దేశపు అవ్వకు అన్నం కలిపి పెడుతుంటే, ఇక్కడ మీ అమ్మకు ఎవరు పెడతారు? అన్నదమ్ములా, చదువు మానిపించిన పెద్దకూతురా? ఆ భారం ఆడపిల్ల మీద పడకుండా, మగవాళ్ళతో కూడా మాట్లాడి, మనియార్డరు లెక్కలాగే దీన్నీ తేల్చుకుని బయలుదేరండి. పోవడం తప్పు కాదు. తెలిసి పోవాలి, రాజమార్గాన పోవాలి.