మీకు తెలుసా? మిద్దె కూడా పంటచేనే!

కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మిద్దెనే కూరగాయల తోటగా మార్చారు. కడప జిల్లా పెండ్లిమర్రి, ప్రొద్దుటూరు మిద్దెలపైనా ఇది సాధ్యమే.

• చదరపు అడుగు చోటులో అడుగు లోతున నింపిన తడిమట్టి సుమారు 50 కిలోలు తూగుతుంది. అందుకే మట్టిలో కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి బరువు తగ్గించాలి. మడులను గోడల వెంబడి, దూలాల మీదుగా పెట్టాలి.

• ఇటుకలు పేర్చి, వాటిపై జమ్మలమడుగు వైపు దొరికే నాపరాయి పరిచి మడి కడితే, కింద స్లాబు తడవకుండా గాలి ఆడుతుంది.

• పాలకూర, మెంతికూర, కొత్తిమీరలకు 6–8 అంగుళాల మట్టి చాలు.

• కడప ఎండలు 40 డిగ్రీలు దాటే వేసవిలో 50 శాతం షేడ్‌నెట్ తప్పనిసరి.

మొదలుపెట్టే ముందు స్లాబు బలాన్ని ఇంజినీరుకు చూపించండి.