కిడ్నీ మారింది సరే.. గుండె సంగతేంది?

మా పక్క ఊరి పోరడు. ముప్పయి కూడ నిండలే. వాళ్లమ్మ కిడ్నీ ఇచ్చింది, ఆపరేషన్ మంచిగయింది. మూడేండ్లు డయాలసిస్ మీదుండి, గ్లాసుతోని కొలిచి నీళ్లు తాగినోడు, కొబ్బరి బోండం దిక్కు సూడాల్నంటే భయపడ్డోడు. ఇంటికొచ్చినంక కడుపు నిండ తినుడు మొదలువెట్టిండు. వాడు వద్దన్నా అమ్మ ఊకుంటదా? "ఎంత సన్నగయిండు నా బిడ్డ" అనుకుంట వడ్డిస్తనే ఉంటది. ఏడాది తిరిగేసరికి పద్నాలుగు కిలోలు పెరిగిండు. బీపీ పెరిగింది, షుగర్ అంటుకుంది. మొన్న చూసొచ్చిన. కిడ్నీకి ఏం గాలె, క్రియాటినిన్ మంచిగనే ఉన్నది. ఇప్పుడు డాక్టర్ల రంది అంత వాని గుండె మీదనే.

కిడ్నీ మార్పిడి అయినోళ్లల్ల, కొత్త కిడ్నీ సక్కగ పనిజేస్తుండంగనే పాణం పోయేటోళ్లుంటరు. దానికి పెద్ద కారణాలల్ల గుండెజబ్బు ఒకటి. ఇది మన దగ్గర మాత్రమే కాదు, అన్ని దేశాలల్ల గంతే.

ఎందుకంటే కిడ్నీ కొత్తదే గని, రక్తనాళాలు పాతయే గదా. ఏండ్లకేండ్లు బీపీ, షుగర్, డయాలసిస్‌తోని అవి అప్పటికే గట్టిపడి, లోపల సున్నం పేరుకొని ఉంటయి. దానిమీద మందులు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ గోలీ ఆకలి వెంచుతది, షుగర్ వెంచుతది. టాక్రోలిమస్‌తోని గూడ షుగర్, బీపీ రావచ్చు. సైక్లోస్పోరిన్ వాడేటోళ్లకు కొలెస్ట్రాల్ పెరుగుతది. అంటే ఆ పోరనికి పుట్టిన ఆకలి సగం గోలీల ఆకలే. అది వానికీ తెల్వదు, వాళ్లమ్మకూ తెల్వదు.

గిది సదివి గోలీలు బంద్ జేస్తే మాత్రం కిడ్నీయే పోతది. డాక్టర్‌ను అడగకుండ ఒక్క పూట గూడ ఆపొద్దు. మన చేతిల ఉన్నది కంచం ఒక్కటే.

కంచంల ముందుగాల సూడాల్సింది ఉప్పు. హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ గని, ప్రపంచ ఆరోగ్య సంస్థ గని చెప్పేది ఒక్కటే: మనిషికి రోజుకు 5 గ్రాములు దాటొద్దు. అంటే ఒక్క చిన్న చెంచా, మూడు పూటలకు కలిపి. మామిడికాయ తొక్కు, అప్పడాలు, మిక్చర్ పాకిట్, ఎండుచేపలు.. వీటితోనే ఆ చెంచా నిండిపోతది, ఇంక కూరల ఏసేదేమున్నది? దుకాణంల "సోడియం తక్కువ" అని అమ్మే ఉప్పు ఇంకో గండం. దాంట్ల పొటాషియం ఉంటది. టాక్రోలిమస్ వాడేటోళ్లకు రక్తంల పొటాషియం ముందే ఎక్కువుండొచ్చు, కాబట్టి అడగకుండ ముట్టొద్దు.

నూనె సంగతికొస్తే, పామాయిల్‌ల సుమారు సగం గుండెకు పడని కొవ్వే. పల్లినూనె, పొద్దుతిరుగుడు నూనె దానికంటె నయం, అవి గూడ తక్కువే పొయ్యాలె. బజ్జీల బండి మీద మరిగిన నూనెనే మళ్ల మళ్ల మరిగిస్తరు, అది అసలే వద్దు. మటన్ పూర్తిగ బంద్ అని నేననను. ఎప్పుడన్న నాలుగు ముక్కలు, కొవ్వు తీసేసి, మంచిగ ఉడికించి తినొచ్చు. బోటి, తలకాయ రోజువారీ తిండి గాదు. జొన్నరొట్టె, పప్పు, చేపల పులుసు మనకు కొత్తవేం గావు. ఆకుకూరలు, పండ్లు ఎంత తినాల్నో పొటాషియం పరీక్ష చూసి చెప్తరు.

ఇంకోటి యాది పెట్టుకోవాలె. పంపర పనస తొనలు వద్దు, అవి రక్తంల టాక్రోలిమస్‌ను పెంచే అవకాశమున్నది. పసరు మందులు, ఎవలో ఇచ్చిన పొడులు గూడ అంతే.

పొద్దుగాల స్టెరాయిడ్ గోలీ ఏసుకుంటే పగటీలి నుంచి షుగర్ పెరుగుతది. పరగడుపు పరీక్షల మంచిగనే కనవడొచ్చు. అందుకే తిన్నంక గూడ చూపిచ్చుకోవాలె. షుగరున్నోళ్లకు గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండనే వస్తది. ఒట్టిగ ఆయాసం, చెమటలు పట్టినయంటే "గ్యాస్" అనుకొని పండుకోవద్దు.

విటమిన్ గోలీలతోని గుండె బాగుంటదా అని గూడ సూసిండ్రు. అమెరికా, కెనడా, బ్రెజిల్ దేశాలల్ల కిడ్నీ మార్పిడి అయిన 4 వేల మందికి పైగ ఫోలిక్ యాసిడ్, బీ విటమిన్లు ఇచ్చి చూస్తే గుండెపోట్లు తగ్గలే. 2011ల తేలిన ముచ్చట. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ గోలీ మీద మాత్రం భరోసా ఉన్నది, అది డాక్టర్ రాస్తెనే వాడాలె.

ఆ పోరని డిశ్చార్జి కాయితం నేను సదివిన. అంత ఇంగ్లీషే. తిండి దగ్గర ఆలివ్ నూనె, ఓట్స్ అని రాసున్నది. మా మండలంల ఆలివ్ నూనె యాడ దొరుకుతదో రాసినాయనకే తెల్వాలె. వాళ్లమ్మకు సదువు రాదు, ఆ కాయితం మూడేండ్ల బిల్లులతోని కలిసి బీరువల పడున్నది. నేను కూసొని ఒక అట్టముక్క మీద బొమ్మలు గీసిన: ఉప్పు చెంచా ఒకటి, తొక్కు సీసా మీద అడ్డగీత, నూనె గిన్నె చిన్నగ. పొయ్యి కాడ గోడకు కొట్టినం. ఆమె చానసేపు చూసి, "తొక్కు మొత్తానికే వద్దా, సారు?" అనడిగింది.